మా పెరట్లో దొండపాదు ఎక్కిన హెడర్

మా తమ్ముడి బండి తెల్లవారుజామున మూడింటికి స్టార్టవుతుంది. అరకు వెళ్ళి క్యాబేజీ, బీన్స్, అల్లం ఎత్తుకొచ్చి సిటీలో హోటళ్ళకీ మెస్సులకీ వేయడం వాడి వ్యాపారం. విశాఖ గోపాలపట్నంలో మా వీధి ఆ స్టార్టింగుకి ఎప్పుడో అలవాటు పడిపోయింది. పోయిన వానాకాలం మాత్రం అందులో కొత్త చప్పుడొకటి చేరింది. టిక్, టిక్, టిక్ అని, గోడ గడియారాన్ని రేకు డబ్బాలో పెట్టి మూత వేసినట్టు. బండి వేపగుంట దాటేసరికి ఆగిపోతోందని వాడే చెప్పాడు. "ఆగిపోతోంది కదన్నియ్యా, ఇంకేటి బాధ?" అన్నాడు.

చల్లగా ఉన్నప్పుడు వినపడి, వేడెక్కాక మాయమయ్యే టిక్కు నయమైపోయిన జబ్బు కాదు. ఎగ్జాస్టులో ఎక్కడో సందు పడింది. ఇనుము వేడికి సాగి ఆ సందుని తాత్కాలికంగా కప్పేస్తోంది. రాత్రి చల్లారితే మళ్ళీ తెరుచుకుంటుంది, ప్రతిసారీ వెంట్రుకవాసి ఎక్కువగా.

నేను 31 ఏళ్ళు పైపు వెల్డర్ని. ఓడల రిపేర్లు, బాయిలర్ గొట్టాలు, రసాయనాల లైన్లు. 6జీ టెస్టని ఒకటుంటుంది: పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, దాన్ని కదపకుండా మనమే చుట్టూ తిరిగి అతకాలి, పైనుంచీ కిందనుంచీ. అది మూడుసార్లు పాసయ్యాను. కాబట్టి గొట్టాల విషయంలో నా మాటకి మా ఇంట్లో విలువ ఉండాలి. లేదు. ఎందుకు లేదో చెప్తాను, కాస్త ఆగండి.

ఓ రోజు ఆ మూడింటి చప్పుడుకి లేచి కూర్చుంటే హ్యూస్టన్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడికక్కడ సాయంత్రం నాలుగున్నర. నేను ఆ టైముకి మెలకువగా ఉంటానని తెలుసు వాడికి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "మావయ్యా, వెనకాల ఏంటా చప్పుడు? నా ట్రక్కు కూడా పొద్దున్నే అచ్చం అలాగే కొట్టుకుంటోంది" అన్నాడు. మర్నాడు వీడియో పెట్టాడు. ఇంజను పక్కన ఫోను పట్టుకుని లైటు వేసి చూపిస్తే, చివరి సిలిండర్ దగ్గర మానిఫోల్డు బోల్టుకి తల లేదు. విరిగి రాలిపోయింది. పెద్ద పొడవాటి ఇనప ముక్క రోజూ వేడికి సాగుతూ చల్లారి ముడుచుకుంటూ ఉంటే, చివరి బోల్టులు అటూ ఇటూ వంగి వంగి అలిసిపోయి ఒకరోజు తెగుతాయి. ఎక్కువగా తెగేది చివర్లవే.

వాడి ప్రశ్న, మా తమ్ముడి ప్రశ్న ఒకటే. "ఎలాగూ విప్పుతాం కదా, హెడర్ వేయించేద్దామా?" వాడిది ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ పికప్పు, అయిదు లీటర్ల పైచిలుకు. వీడిది నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్, రెండున్నర లీటర్లు, 2018 మోడల్. (టర్బో అంటే పోయే పొగ తోపుకి తిరిగి, ఇంజనులోకి గాలిని ఎక్కువగా తోసే చక్రం.) ప్రశ్న ఒకటే అయినా ఇద్దరికీ ఒకే జవాబు చెప్తే ఒకడు మునుగుతాడు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సిలిండర్లలోంచి కాలిన పొగ ఇంజను హెడ్డు దాటి మొట్టమొదట పడేది మానిఫోల్డులో. కంపెనీ వాడు పెట్టేది చాలావరకు పోత ఇనుము. దుంగలాగా మందంగా, బరువుగా ఉంటుంది, అన్ని సిలిండర్ల పొగా ఒకే ఇరుకు గదిలో పడి ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంది. హెడర్ అంటే ఆ దుంగ తీసేసి ఒక్కో సిలిండర్‌కీ ఒక్కో గొట్టం విడిగా వేయడం. ఆ గొట్టాలన్నీ చివర్లో కలిసే చోటు కలెక్టర్.

దీనివల్ల లాభమేంటి? హైవే పక్కన నిలబడితే బస్సు దూసుకెళ్ళాక ఎండుటాకులు దాని వెనకాలే పరిగెడతాయి చూడండి, అదీ సంగతి. ఒక సిలిండర్ నుంచి పొగ వేగంగా పోతే దాని వెనకాల లాగుడు పుడుతుంది. పొగ పోయే వాల్వు ఇంకా మూసుకోకుండా, గాలి వచ్చే వాల్వు అప్పుడే తెరుచుకుంటున్న ఆ చిన్న క్షణంలో ఈ లాగుడు అందితే, మిగిలిన పాత పొగ కూడా ఊడ్చుకుపోయి కొత్త గాలి ఎక్కువ దూరుతుంది. అది అందాలంటే గొట్టం పొడవూ లావూ ఆ ఇంజను తిరిగే స్పీడుకి కుదరాలి. పొడవు గొట్టాలు తక్కువ ఆర్పీఎమ్‌లో బలాన్నిస్తాయి, పొట్టివి పైస్పీడులో. లావు సంగతి దగ్గరే అందరూ బోల్తా పడతారు. "లావుగా ఉంటే పొగ ఫ్రీగా పోతుంది కదా" అంటారు. పోతుంది, నిదానంగా పోతుంది. కుళాయి గొట్టానికి బొటనవేలు అడ్డం పెడితేనే కదా నీళ్ళు గోడ దాకా కొట్టేది. కింది స్పీడులో లావు గొట్టంలో పొగకి ఊపు ఉండదు, ఊపు లేకపోతే లాగుడూ లేదు.

మా మేనల్లుడు 1 7/8 అంగుళాల లావు గొట్టాలున్న లాంగ్ ట్యూబ్ హెడర్ చూసిపెట్టుకున్నాడు. ఎవరో స్నేహితుడు రేసు ట్రక్కుకి వేసుకున్నాడట. "నువ్వు ఆ ట్రక్కుతో ఏం చేస్తావురా?" అని అడిగాను. ఆఫీసుకి వెళ్తాడు. నెలకి రెండుసార్లు పడవని వెనక తగిలించుకుని గాల్వెస్టన్ వెళ్తాడు. ఇంజను 3,000 ఆర్పీఎమ్ దాటేది ఎప్పుడో గానీ లేదు. పడవ లాగేవాడికి కావలసింది రేవు దగ్గర తడి వాలు మీద కదిలే బలం. 1 5/8 చాలు, మరీ మనసు కొట్టుకుంటే 1 3/4. అంతకంటే లావు దండగ.

లాంగ్ ట్యూబ్‌తో ఇంకో తంటా ఉంది. అది కిందిదాకా దిగుతుంది కాబట్టి పొగలో విషాలు తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ ఉన్న చోటుకే ఎసరు. కన్వర్టర్ తీసేయడం, కదపడం అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో ఏటా పొగ పరీక్ష కూడా ఉంది. కాలిఫోర్నియాలో అయితే ఆ రాష్ట్రం అనుమతి నంబరు లేని హెడర్‌ని రోడ్డు బండికి బిగించనే కూడదు. అందుకని షార్టీ చూడమన్నాను. అది కంపెనీ మానిఫోల్డు ఉన్నంత జాగాలోనే కూర్చుంటుంది, కింద పాత గొట్టానికే కలుస్తుంది, కన్వర్టరూ ఆక్సిజన్ సెన్సారూ వాటి చోట అవి ఉంటాయి. షార్టీతో గుర్రాలు (హార్స్‌పవర్) పెద్దగా పెరగవు, అది కూడా మొహమాటం లేకుండా చెప్పేశాను. నిజానికి బోల్టులు, మధ్యలో సందు మూసే గ్యాస్కెట్ మార్చుకుని పాతదే బిగించుకుంటే చప్పుడు పోతుందనీ చెప్పాను. ముప్పై రెండేళ్ళ కుర్రాడు, సొంత డబ్బు, సొంత ట్రక్కు. వింటాడా.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి అన్నాడు. మెరుపు చూడొద్దు, ఫ్లాంజి చూడమన్నాను. హెడ్డుకి ఆనుకునే ఆ బల్లచెక్క లాంటి పలక 3/8 అంగుళం మందం ఉండాలి. పల్చటి పలకకి గొట్టాలు అతికితే వెల్డు వేడికే అది అరటాకులా వంపు తిరుగుతుంది. బోల్టులు బిగించి తిన్నగా చేద్దామనుకుంటే రెండు నెలల్లో మళ్ళీ టిక్కు. లీకు సెన్సార్‌కి ముందుంటే ఇంకా గోల: ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, సెన్సార్ "ఆక్సిజన్ ఎక్కువుంది, పెట్రోల్ తక్కువైంది" అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్తుంది, అది ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందో నెలల తరబడి వెతుక్కోవాలి.

పార్సిల్ వచ్చిన రోజు వీడియో కాల్ చేయించాను. వాళ్ళ వంటగది గ్రానైటు మీద హెడర్ని బోర్లించి, ఫ్లాంజి మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి, వెనక నుంచి టార్చి వేయమన్నాను. స్కేలు కింద మధ్యలో సన్నటి వెలుగు గీత. మొత్తం పొడవునా కాదు, రెండో గొట్టం నుంచి మూడో గొట్టం దాకా. "అది ఎంత మావయ్యా, కాగితమంత" అన్నాడు. కాగితమంత సందు చాలు. తిప్పి పంపించేశాడు. రెండోసారి తెప్పించింది వేరే చోటి నుంచి, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. స్కేలు కింద చీకటి. అది వేయించుకున్నాడు. పడవ రేవులో ఉప్పునీళ్ళలో దిగుతాడు కాబట్టి తుప్పు పట్టే మైల్డ్ స్టీలు వద్దన్నాను. హెడర్ మీద గుడ్డపట్టీ చుట్టించుకోవద్దని కూడా గట్టిగా చెప్పాను. ఆ పట్టీ వేడిని లోపల ఆపే మాట నిజమే, తడిని కూడా లోపలే పట్టి ఉంచుతుంది.

ఇక మా తమ్ముడి సంగతి. ఇక్కడే నా పాత పాపం చెప్పుకోవాలి.

2015లో వాడికి ఇంతకు ముందు బండి ఉండేది, అదీ టర్బో డీజిల్ పికప్పే. మానిఫోల్డు పగిలింది. నేనింకా సర్వీసులో ఉన్నాను, చేతిలో పనితనం ఉంది, ఒంట్లో పొగరు కూడా ఉంది. "కొత్తది కొనడమెందుకురా, నేను చేసిస్తాను" అన్నాను. 304 గొట్టం, 2 మిల్లీమీటర్ల మందం, బెండులు ముక్కలు ముక్కలుగా కోసి, నాలుగు గొట్టాలూ పొడవు సమానంగా వచ్చేట్టు లెక్కవేసి, ఆర్గాన్ వాయువుతో అతికాను. లోపల కూడా ఆర్గాన్ నింపి మరీ. స్టెయిన్‌లెస్ అతికేటప్పుడు గొట్టం లోపలి గాలిని ఆర్గాన్‌తో తరిమేయకపోతే వెల్డు వెనకవైపు మాడిన పంచదార పాకంలా బుడిపెలు బుడిపెలుగా నల్లగా లేస్తుంది. నా దాంట్లో వేలు పెట్టి తడిమితే ఉంగరం లోపలి వైపులా నున్నగా ఉండేది. బయట వెల్డు మీద గడ్డిరంగు, ఊదా, నీలం వరసగా. వీధిలో పిల్లలు వచ్చి చూసి వెళ్ళారు. మా తమ్ముడైతే బండికి కట్టే నిమ్మకాయలూ మిరపకాయలూ దానికి కట్టాడు.

ఎనిమిది నెలలు నడిచింది. అనంతగిరి ఘాటులో, టైడా దాటాక, కాలీఫ్లవర్ లోడుతో దిగుతూ కాదు, ఖాళీగా ఎక్కుతూ కాదు, సంతకి విత్తనాల బస్తాలు, ఎరువు వేసుకుని నిండు లోడుతో ఎక్కుతుంటే పగిలింది. టర్బో ఓ పక్కకి వాలిపోయింది. బానెట్ తెరిస్తే లోపలంతా మసి. రాత్రంతా వానలో, ఘాటు మలుపులో కూర్చున్నాడు పాపం. పొద్దున్నే ఎస్.కోట నుంచి ఇంకో బండి తాడు కట్టి దించింది.

తప్పెక్కడ జరిగిందో నాకు విప్పి చూడగానే తెలిసింది. వెల్డు పగల్లేదు, వెల్డు పక్కన పగిలింది. (వెల్డర్‌కి ఇది ఎంత తృప్తినిస్తుందో మీకు తెలీదు. మా తమ్ముడికీ తెలీదు, చెప్పబోతే కొట్టేంత పని చేశాడు.) మామూలు 304లో కార్బన్ కాస్త ఎక్కువ. అది 425 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు కాలితే లోపలి కార్బన్ క్రోమియంని పట్టేసుకుని, లోహపు రేణువుల అంచులు బలహీనపడతాయి. ఘాటులో లోడు మీద డీజిల్ పొగ ఉండేది సరిగ్గా ఆ వేడిలోనే. కార్బన్ 0.03 శాతం లోపు ఉండే 304ఎల్ గానీ, టైటానియం కలిపిన 321 గానీ వాడాల్సింది. నేను వాడినవి సైటులో మిగిలిన ముక్కలు. ఏళ్ళ తరబడి ఇతరులకి చెప్పిన పాఠం సొంత ఇంటికొచ్చేసరికి అక్కర్లేకపోయింది.

అంతకంటే పెద్ద తప్పు, సాగుడు. 400 మిల్లీమీటర్ల పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2.3 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవు 304 స్టెయిన్‌లెస్ సుమారు 3.5 సాగుతుంది. హెడ్డు నీళ్ళతో చల్లగా ఉంటుంది కాబట్టి అది అంతగా సాగదు. నేను నాలుగు గొట్టాలనీ ఒకే అఖండ పలకకి అతికేశాను. ఒక్కో సిలిండర్‌కీ మధ్య పలకని కోసి వదిలితే దేని దారిన అది కదిలేది. దానికి తోడు, టర్బో బరువంతా ఆ సన్న గొట్టాల మీదే వేలాడదీశాను. కింద నుంచి ఒక్క బ్రాకెట్టు ఊతం ఇవ్వాలని తట్టలేదు. ఏడెనిమిది కిలోల ముద్ద, రోజుకి రెండు వందల కిలోమీటర్లు ఊగుతూ.

అసలు ప్రశ్నే వేరు, నిజం చెప్పాలంటే. టర్బో ఉన్న డీజిల్‌కి ఆ సమానమైన పొడవు గొట్టాల సంగీతం ఎందుకు? పొగ లాగుడంతా టర్బో చక్రం దగ్గర ఆగిపోతుంది. టర్బోకి తిండి పొగలో ఉన్న వేడీ, వేగం. పొడవు గొట్టాల్లో తిప్పి తిప్పి తెస్తే దారిలోనే వేడి పోతుంది. నా హెడర్ వేశాక బండి కింద స్పీడులో కాస్త మొద్దుబారిందని మా తమ్ముడు అప్పుడే అన్నాడు, నేనే "కొత్త కదా, అలవాటవుతుంది" అన్నాను. ఆటోనగర్‌లో పాత జోకు ఒకటుంది, "పికప్పుకి పికప్పు లేదు" అని. నేను దాన్ని నిజం చేసి చూపించాను. పోత ఇనుము దుంగలా మందంగా ఉండేది కంపెనీవాడి పిసినారితనం వల్లే అనుకునేవాణ్ణి. చవక అన్నది ఒక కారణమే. ఆ దుంగ వేడిని దాచుకుంటుంది, టర్బో బరువు మోస్తుంది, తక్కువ సాగుతుంది.

ఆ హెడర్ ఇప్పుడు మా పెరట్లో ఉంది. నాలుగు గొట్టాలు పైకి పెట్టి భూమిలో పాతితే దొండపాదుకి మంచి పందిరిగుంజ అయింది. తుప్పు పట్టదు కదా, అదొకటి. నేను ఎప్పుడు ఇంట్లో హెడర్ అన్న మాట ఎత్తినా మా ఆవిడ "ఈసారి బీరపాదుకా?" అంటుంది. నా మాటకి విలువ లేకపోవడానికి కారణం ఇదీ.

అందుకని ఈసారి నోరు మూసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గాజువాక ఆటోనగర్ వెళ్ళాను. జేబులో చిన్న అయస్కాంతం, టార్చి. మేస్త్రీ బానెట్ ఎత్తి ఓసారి విని, "చివరి స్టడ్డు ఎల్లిపోనాది బాబూ. మానిఫోల్డు కూడా సూడాల" అన్నాడు. (స్టడ్డంటే తల లేని, రెండు వైపులా మరలున్న బోల్టు.) ఈ బండి 2021లో సెకండ్‌హ్యాండులో కొన్నది. దానికి ముందు ఫిషింగ్ హార్బర్‌లో చేపల బండి. మూడేళ్ళు ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు ఛాసిస్ మీద కారుతూనే ఉన్నాయి. స్టడ్ల మీద తుప్పు పొరలు పొరలుగా, చింతచెట్టు బెరడులా ఉంది. ఈ మధ్య గాలికొండ దగ్గర మూడో గేరులో ఎక్కే చోట రెండో గేరు పడుతోందని, పొగ నల్లగా వస్తోందని అప్పుడు బయటపెట్టాడు మా వాడు. టర్బోకి చేరాల్సిన ఒత్తిడి ముందే సందులోంచి పోతుంటే, టర్బో గాలి తక్కువ తోస్తుంది. గాలి తక్కువైతే మసి ఎక్కువ. టిక్కు ఒక్కటే కాదు, డీజిల్ కూడా అటే పోతోంది.

మానిఫోల్డు విప్పాక మేస్త్రీ చేసిన పరీక్ష చూసి ముచ్చటేసింది. వైరు బ్రష్షుతో రుద్ది, కిరసనాయిలు పూసి, పది నిమిషాలు వదిలేసి, గుడ్డతో పొడిగా తుడిచేశాడు. దాని మీద సుద్దపొడి చల్లాడు. తెల్లటి సుద్ద మీద మెల్లగా, మూడో రంధ్రం మూల నుంచి ఒక తడి గీత తేలింది, చీమల బారు సన్నంగా బయల్దేరినట్టు. పగులులో దాక్కున్న కిరసనాయిలు సుద్దలోకి ఎక్కుతుంది. మేం పెద్ద పెద్ద ప్లాంటుల్లో ఎర్ర రంగు డబ్బాలు స్ప్రే చేసి చేసేది కూడా ఇదే పని.

దాన్ని అతుకుదామా అని ఓ కుర్రాడు అడిగాడు. పోత ఇనుముని అతకొచ్చు. ముందు బాగా కాచి, నికెల్ రాడ్డుతో కొంచెం కొంచెంగా వేస్తూ, సుత్తితో చిన్నగా తడుతూ, అయ్యాక ఊకబూడిదలో పూడ్చిపెట్టి రాత్రంతా చల్లారనివ్వాలి. మోటారు కాలో, మిషను బెడ్డో అయితే జీవితాంతం ఆగుతుంది. రోజూ ఎర్రగా కాలి చల్లారే మానిఫోల్డుకి మాత్రం ఆ అతుకు పక్కనే ఇంకో పగులు ఖాయం. వద్దన్నాను.

పక్క షాపువాడు 22,000కి రెడీమేడ్ హెడర్ చూపించాడు. "ఫుల్ స్టెయిన్‌లెస్ సార్, పవర్ డబుల్." డబుల్ అన్న మాటకే నాకు నవ్వొచ్చింది. అయస్కాంతం పెట్టాను, అతుక్కుంది. ఒక్క అయస్కాంతంతో తేల్చేయకూడదు, 409 రకం స్టెయిన్‌లెస్‌కి కూడా అంటుకుంటుంది, కంపెనీ సైలెన్సర్లలో బోల్డంత వాడతారు దాన్ని. 304 అని చెప్పి అమ్మితే మాత్రం వంపుల దగ్గర ఏదో కాస్త లాగాలి గానీ ఇలా చప్పున కరుచుకోకూడదు. తర్వాత టార్చి వేసి గొట్టం లోపలికి చూశాను. మాడిన పాకం. నల్లటి బుడిపెలు, వేలికి గుచ్చుకునేట్టు. అవి విడిపోయి పడేది సరాసరి టర్బో చక్రం మీదే. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు పైగా తిరుగుతుంది. కొంత పొగని మళ్ళీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ గొట్టం తగిలించుకునే రంధ్రం కూడా లేదు దానికి. "మూత వేసేద్దాం సార్, ఎవడు చూస్తాడు" అన్నాడు. పొగ, చప్పుడు నియమాలు తప్పితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 2019 సవరణ తర్వాత 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. సరుకు బండి, చెక్‌పోస్టులు దాటే బండి. మా తమ్ముడు నా మొహం వంక చూశాడు. నేను దొండపాదు వైపు నుంచి మాట్లాడుతున్నానని వాడికి అర్థమైంది.

ఇలా రాస్తే నేను హెడర్లకే శత్రువునని అనుకుంటారేమో. మొన్న పెందుర్తిలో ఒకాయన పాత పెట్రోల్ జీపుకి అడిగితే శుభ్రంగా వేయించుకోమన్నాను. టర్బో లేదు, నాలుగు సిలిండర్లు, కొండ దారులు. 4-2-1 (నాలుగు గొట్టాలు రెండై, ఆ రెండూ ఒకటయ్యేది) తీసుకోమన్నాను: సిలిండర్లలో మంట పుట్టే వరస 1-3-4-2 కాబట్టి ఒకటీ నాలుగూ ఒక జత, రెండూ మూడూ ఒక జత, అప్పుడు ఒకే జతలో పొగలు ఒకదాన్నొకటి గుద్దుకోవు. మధ్య స్పీడుల్లో బలం బాగుంటుంది. నాలుగూ ఒకేసారి కలిసే 4-1 పైస్పీడు వాళ్ళకి.

మా వాడికి తీసుకున్నది కొత్త పోత ఇనుప మానిఫోల్డు, 9,000 చిల్లర. సెకండ్‌హ్యాండుది మూడు వేలకి దొరికింది గానీ స్కేలు పెడితే రెండు చివర్లూ అర మిల్లీమీటరు పైకి లేచి ఉన్నాయి. ఫేసింగ్ చేయించి (అంటే ముఖం చదును చేయించి), ఇంకెన్నాళ్ళుంటుందో అని టెన్షన్ పడేకంటే ఇదే నయం అనిపించింది. స్టడ్లు అన్నీ కొత్తవి, విరిగింది ఒక్కటే అయినా. మిగతావి అదే ఉప్పునీళ్ళు తాగినవేగా. గ్యాస్కెట్ (మేస్త్రీ భాషలో ప్యాకింగు) పొరల స్టీలుది.

విరిగిన స్టడ్డు ముక్క హెడ్డులో, పలక కంటే రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉండిపోయింది. డ్రిల్లు వేస్తానన్నాడు కుర్రాడు. జారితే హెడ్డు పాడు. నన్ను చెయ్యనిమ్మని అడిగాను. రెండేళ్ళయింది వెల్డింగు టార్చి పట్టుకుని, చెయ్యి కొంచెం వణికింది, అబద్ధమెందుకు. ముక్క మీద చుక్క చుక్కగా లోహం పేర్చి, పలక పైకి తెచ్చి, దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపల నుంచి అతికాను. ఆ వేడికి ముక్క ఎర్రబడింది. ఎరుపు తగ్గి నల్లబడుతుండగా కొవ్వొత్తి ఆనించాను. మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోవడం కనిపిస్తుంది, దీపంలో నూనె ఒత్తిలోకి ఎక్కినట్టు. స్పానర్ పెట్టి ముందు బిగించే వైపు వెంట్రుకంత, తర్వాత విప్పే వైపు. కిర్రుమని ఒక్క చప్పుడు. ఆ తర్వాత చేత్తో తిప్పితే వచ్చేసింది. మేస్త్రీ ఏం మాట్లాడకుండా టీ తెప్పించాడు.

బిగింపు మధ్య స్టడ్ల నుంచి మొదలుపెట్టి చివర్లకి వెళ్ళాం, టార్క్ రెంచితో, రెండు విడతలుగా. టర్బో కింద బ్రాకెట్టు ఉందో లేదో నేనే వంగి రెండుసార్లు చూశాను. రెండు అరకు ట్రిప్పులయ్యాక బండి పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ ఒకసారి సరిచూశాం. చివరివి రెండు కాస్త తిరిగాయి. మొత్తం పనికి, సామానుకి 15,000 దాటలేదు.

మేనల్లుడు మొన్న ఆదివారం ఫోన్ చేసి వాడి ట్రక్కు స్టార్టు చేసి వినిపించాడు. టిక్కు లేదు, కొంచెం గొంతు లావైంది. గుర్రాలు పెరిగాయా అని అడిగితే "పెరిగినట్టే ఉంది మావయ్యా" అన్నాడు. డబ్బు ఖర్చు పెట్టినవాడికి ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది, నేనేం అనలేదు. మా తమ్ముడు గాలికొండ మళ్ళీ మూడో గేరులో ఎక్కుతున్నాడు.

నాకొచ్చిన ఇబ్బంది ఒకటే. ఏడాదిగా ఆ మూడింటి టిక్కుకి లేచి, ఫ్లాస్కులో వాడికి టీ పోసి ఇవ్వడం అలవాటైంది. నిన్న మెలకువ వచ్చేసరికి అయిదున్నర. గేటు బయట బండి లేదు. ఎప్పుడు వెళ్ళాడో తెలియలేదు, ఫ్లాస్కు బల్ల మీదే ఉంది.